మోగని హెడ్‌ఫోన్లు

పదకొండు రోజులు నేను జిమ్‌లో ఏమీ మోగని హెడ్‌ఫోన్లు పెట్టుకుని నడిచాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాయలేదు. ఆ రోజుల పేజీలు తీస్తే "ఈరోజు ఇరవై నిమిషాలు, నడుం కొంచెం నయం" లాంటి మాటలే ఉంటాయి. నా డైరీ ఎవరూ చదవరని నాకు తెలుసు. అయినా రాయడానికి చెయ్యి రాలేదు.

జిమ్‌కు వెళ్లాలన్నది నా ఆలోచన కాదు. మాది గద్వాలలో మగ్గం ఇల్లు. మా చీరకు ఒళ్లంతా నూలు, అంచు మాత్రం పట్టు. ఆ రెండింటినీ పోగు పోగుకూ కలుపుకుంటూ పోవాలి కాబట్టి మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. నాయిన ఒళ్లు నేస్తాడు. నేను ఆయనకు కుడి పక్కన కూర్చుని, అంచు పోగు మోసుకుంటూ అటూ ఇటూ పోయే నాడె అందుకుంటాను. స్కూలు నుంచి రాగానే కూర్చునేదాన్ని, డిగ్రీ అయ్యాక పొద్దుటి నుంచే కూర్చుంటున్నాను. ఇరవై మూడేళ్లకే నడుం పట్టేసింది. డాక్టరు ఎక్స్‌రే తీయించి, మందులతో పోయేది కాదు, వీపుకు బలం రావాలి, రోజూ వ్యాయామం చెయ్యి అన్నాడు.

ఆ మాట కోసమే కాచుకున్నట్టు లేచింది మా వదిన. ఆమెది తెలకపల్లి. అన్న వనపర్తిలో పని చేస్తూ వారానికోసారి వస్తాడు. ఆమె మా దగ్గరే ఉంటుంది. పెళ్లయినప్పటి నుంచి బరువు తగ్గాలని అంటూనే ఉంది.

"డాక్టరే చెప్పిండు. ఇగ మీ అన్న ఏమంటడు? ఆడపిల్లను ఒక్కదాన్ని పంపుతరా, తోడు పోవాలె గద!" అంది.

జిమ్ రెండో అంతస్తులో ఉంది. కింద ఎరువుల దుకాణం. మెట్లెక్కేటప్పుడు యూరియా వాసన, పైకి పోయాక చెమట వాసన. పదకొండు నుంచి ఒంటి గంట దాకా ఆడవాళ్లకు. నాకు అన్నిటికంటే కష్టమైంది అద్దాలు. మూడు గోడలకూ అద్దాలే. ఎటు చూసినా ఎవరో ఒకరి కళ్లలో పడతాను, లేదా నా కళ్లలో నేనే పడతాను. అందుకని ట్రెడ్‌మిల్ మీద అంకెల వైపే చూస్తూ నడిచేదాన్ని. అయినా పక్క మిషన్ మీది ఆడవాళ్లు ఏ వాడకట్టు, ఎవరి బిడ్డవు, పెళ్లి కాలేదా అని అడిగేవాళ్లు. నేను నవ్వి ఊరుకునేదాన్ని. ఆ నవ్వు అద్దంలో చూస్తే నాకే భయం వేసేది.

"చెవులల్ల ఏమన్న వెట్టుకో," అంది వదిన మూడో రోజు. "గప్పుడు ఎవ్వరు నీతోటి మాట్లాడరు. నీకు గావాల్సింది గదే గద!"

నిజమే. ఇంకోటి కూడా ఉంది. నాకు కథలు వినాలని ఉండేది. లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చుకుని న్యూస్‌పేపరు అట్ట వేసి చదువుతాను. ఇంట్లో ఎవరూ వద్దనరు. కానీ "ఏం పుస్తకమే అది?" అని అడిగితే ఏం చెప్పాలో తెలియదు. చదివింది నా నోటితో చెప్తే చిన్నదైపోతుందని బాధ. ఫోన్లో ఎవరో కథలు చదువుతారు, నాటకాలు వేస్తారు. నడుస్తూ అవి వినొచ్చు. ఎవరూ అట్ట చూడరు.

పాత బస్టాండు దగ్గరి ఫోన్ల దుకాణం ఆయన బల్ల మీద నాలుగు రకాలు పరిచాడు. మెడలో వేసుకునేవి, తల మీదుగా వచ్చే పెద్దవి, వైరువి, వైరు లేకుండా చెవి రంధ్రంలో కూర్చునే బొడిపెలు. "పాటలకా, ఫోన్ల మాట్లాడనీకా అమ్మా?" అని అడిగాడు. కథలకు అని చెప్పలేక "పాటలకే" అన్నాను. బొడిపెలు తీసుకున్నాను. నల్లవి. జుట్టు కిందికి వేసుకుంటే కనిపించవు. అప్పట్లో నాకు కావాల్సింది అదే, కనిపించకపోవడం.

మొదట విన్నది ఒక నాటకం. భార్యాభర్తలు ఒక గదిలో ఉంటారు. భార్య ఒక ప్రశ్న అడుగుతుంది. నిశ్శబ్దం. ఇంకో ప్రశ్న అడుగుతుంది. మళ్లీ నిశ్శబ్దం. ఒక్కోసారి ఆమె జవాబు విన్నట్టే నవ్వుతుంది, ఒక్కోసారి ఏడుస్తుంది. భర్త ఒక్క మాట కూడా మాట్లాడడు. ఇంత ధైర్యంగా ఎవరు రాశారా అనుకున్నాను. నాలుగు రోజులు అదే విన్నాను. డైరీలో రెండు పేజీలు రాశాను. అతని మౌనమే ఈ నాటకం అనీ, ఆమె ఆ మౌనంతో కాపురం చేస్తోందనీ ఏదేదో రాశాను.

నాలుగో రోజు నేను సైకిల్ తొక్కుతుంటే వదిన పక్క సైకిల్ మీద నుంచి వంగి నా ఎడమ చెవిలోది లాక్కుంది.

"ఏం వింటున్నవే, ఒక్కదానివే మురుసుకుంట?" అని తన చెవిలో పెట్టుకుంది. ఒక నిమిషం విని ముఖం చిట్లించింది. "థూ! వీడేంది, పెండ్లాం మీద గిట్ల ఒర్లుతుండు?"

"ఎవరు?" అన్నాను.

"ఎవరేంది, మొగుడు! నువ్వు వినేదే గద?"

నేను తల ఊపాను. నవ్వాను కూడా. ఆమె ఇంకాసేపు విని, "పీకితె గాని మారడు" అని తీర్పు చెప్పి తిరిగి ఇచ్చేసింది.

బట్టలు మార్చుకునే చోట తెర వేసుకుని నిలబడ్డాను. ఎడమ చెవిది తీసి కుడి చెవిలో పెట్టుకున్నాను. గొంతు వచ్చింది. బొంగురు గొంతు. అతను మాట్లాడుతూనే ఉన్నాడు. అరుస్తున్నాడు, బతిమాలుతున్నాడు, ఆమె ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్తున్నాడు. ఆమె గొంతు ఒక చెవిలో, అతని గొంతు ఇంకో చెవిలో వచ్చేట్టు చేశారు ఆ నాటకాన్ని. నేను సౌండు ఎప్పుడూ తక్కువే పెట్టుకుంటాను. నేను రెండు పేజీలు పొగిడిన మౌనం నా ఎడమ చెవిది.

గులిమి అయి ఉంటుందనుకున్నాను. మూడు రోజులు కొబ్బరి నూనె గోరువెచ్చగా చేసి పోసుకున్నాను. పక్కన ఎవరూ లేనప్పుడు చెవి దగ్గర వేళ్లు రాసుకుని చూసేదాన్ని. కుడివైపు గరగర వినిపించేది. ఎడమవైపు వేళ్లు రాసుకుంటున్న సంగతి వేళ్లకు తెలిసేది, చెవికి తెలిసేది కాదు. రోజుకు ముప్పైసార్లు అలా చేసి ఉంటాను. ప్రతిసారీ ఈసారి వినిపిస్తుందేమో అనిపించేది.

ఇంత భయం ఎందుకో చెప్పాలంటే మా అత్త గురించి చెప్పాలి. నాయినకు అక్క. మాతోనే ఉంటుంది. వసారాలో రాట్నం ముందు కూర్చుని మా నాడెల్లోకి నూలు కండెలు చుడుతుంది. ఇరవై ఏళ్లుగా ఆమెకు వినిపించదు. వయసులో ఉండగా ఆమె కూడా మగ్గం మీద కూర్చునేది. మొదట ఒక చెవి, తర్వాత రెండోది పోయాయట. మగ్గం చప్పుడుకు పోయాయి అంటారు మా ఇంట్లో. అక్క చెవులను మగ్గం తినేసింది అంటాడు నాయిన. అప్పటి నుంచి ఆయన ఒక పద్ధతి పెట్టాడు. మా ఇంట్లో ఎవరు మగ్గం ఎక్కినా ముందు రెండు చెవుల్లో దూది ఉండలు పెట్టుకోవాలి. చిన్నప్పుడు నాకు ఆయనే చుట్టి పెట్టేవాడు. పెట్టి, రెండు చెవుల మీదా బొటనవేలుతో నొక్కి, "ఊఁ, ఎక్కు" అనేవాడు. చెవుల్లో దూది ఉంటే మాటలు ఎలా వినిపిస్తాయి? అందుకని మాకు మాటలు లేవు. మగ్గం పలక మీద ఒకసారి తడితే ఆగమని, రెండుసార్లు తడితే ఇటు చూడమని. వినడం అనే పనే లేని చోట రోజుకు ఏడెనిమిది గంటలు కూర్చుంటాను. నా చెవి ఎప్పుడు పోవడం మొదలైందో నాకే తెలియకపోవడానికి అదే కారణం. ఏడాది అయి ఉండొచ్చు, రెండేళ్లు అయి ఉండొచ్చు.

అత్తకు వినిపించకపోవడం నాకు భయం కాదు. ఆమెకు మేం చెప్పడం మానేయడం భయం. ఎవరూ కావాలని మానలేదు. గట్టిగా అరిస్తే గొంతు నొప్పి, చేతులతో చెప్తే ఆమె ఇంకేదో అనుకుంటుంది, రాసి చూపించేంత తీరిక ఎవరికీ ఉండదు. నేను డిగ్రీ పాసైన సంగతి ఆమెకు మూడో రోజు తెలిసింది. డబ్బాలో మిగిలిన మైసూర్‌పాక్ ముక్క చూసి, "ఎవరు పాసైండ్రేంది?" అని అడిగింది. నేను నా గుండె మీద చెయ్యి పెట్టుకుని చూపించాను. ఆమె లేచి వచ్చి ఆ ముక్క నాకే తినిపించింది. ఎడమ చెవి దగ్గర వేళ్లు రాసుకునే ప్రతిసారీ నాకు ఆ డబ్బా గుర్తొచ్చేది.

నాయినకు చెప్పలేను. చెప్తే దూది సరిపోలేదని అర్థం. తన మగ్గం అక్కను తిని బిడ్డను కూడా తిన్నదని ఆయన అనుకుంటాడు. ఆ తర్వాత మగ్గం గుంటలో కాళ్లు పెట్టి ఎలా కూర్చుంటాడు?

అందుకని మళ్లీ దుకాణానికి వెళ్లాను. ఈసారి పెద్దవి అడిగాను. తల మీదుగా వచ్చి చెవులు పూర్తిగా మూసేవి.

"జిమ్ముకు గియ్యి పనికి రావమ్మా," అన్నాడు ఆయన. "చెమటకు మెత్తలు నానుతయి. వంగితె జారి కింద వడ్తయి. మొన్న తీస్కపోయినయి మంచిగనే ఉన్నయి గద?"

"మంచిగనే ఉన్నయి. గని పెద్దయే గావాలె."

"ఎందుకట్ల?"

"బయటి లొల్లి రావద్దు."

ఆయన నా ముఖంలోకి చూశాడు. నలుపు, బూడిద రంగు, ఎరుపు మూడు తీశాడు. నేను ఎరుపు తీసుకున్నాను. పుట్టిన తర్వాత నేను ఎరుపు రంగు వస్తువు కోరుకున్నది అదొక్కటే. అది దూరం నుంచి కనిపించాలి. ఎడమ పక్క నుంచి ఎవరైనా పిలిస్తే నేను పలకను. ఎందుకు పలకలేదని వాళ్లు అనుకునేలోపు ఆ ఎరుపు కనబడాలి. ఓ, పాటలు వింటోంది అనుకుని వదిలేయాలి. ఉన్న ఒక్క చెవి కూడా పాటకు ఇచ్చేస్తే ప్రమాదం అనిపించి, ఫోను కలపకుండా ఉత్త హెడ్‌ఫోన్లే పెట్టుకున్నాను.

వదిన చూసి పొట్ట పట్టుకుంది. "అగో, వరికోత మిషిన్ తోలేటోని లెక్కున్నవ్! మా తెలకపల్లిల వాడు గిట్లనే వెట్టుకుంటడు. చేనుల దిగుతవా ఏంది?"

సాకు బాగా పనిచేసింది. మూడు రోజుల్లోనే జిమ్‌లో నాకు పాటల పిచ్చి అని పేరొచ్చింది. ఎవరికైనా పని ఉంటే భుజం తట్టేవాళ్లు. నేను ఒకవైపు మెత్తను పైకెత్తి, ఎప్పుడూ కుడివైపుదే, "ఆఁ?" అనేదాన్ని. అప్పుడప్పుడు తల ఊపేదాన్ని, పాట నచ్చినట్టు. ఏ పాట లేకుండా తల ఊపడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఎంతసేపు ఊపాలో తెలియదు, ఎక్కడ ఆపాలో తెలియదు. చెవుల చుట్టూ చెమట కారి మెత్తలు తడిసి వాసన వచ్చేవి. దుకాణం ఆయన చెప్పినట్టే వంగినప్పుడల్లా జారేవి. ఇంటికి వస్తే అవి పెట్టుకోవడానికి లేదు. అన్నం తినేటప్పుడు అందరూ నా కుడివైపు ఉండేట్టు గోడకు ఎడమ భుజం ఆనించి కూర్చునేదాన్ని.

పదకొండో రోజు ట్రెడ్‌మిల్ మీద ఉన్నాను. చున్నీ నడుముకు కట్టుకున్నాను. ముడి ఎప్పుడు వదులైందో తెలియదు. దాని కొస ఎడమవైపు జారి పట్టా మీద పడి, వెనక దొర్లే రూలు దాకా పోయింది. నా ఎడమ పక్క మిషన్ మీద ఒక నర్సమ్మ ఉంది. గద్వాల దవాఖానలో పని చేస్తుంది. రాత్రి డ్యూటీ ఉన్న వారాల్లో జిమ్‌కు వచ్చేది. బుర్ఖా తీసి కొక్కేనికి తగిలించి, నల్ల పైజామాలో అందరికంటే వేగంగా నడిచేది. ఆమె పిలిచిందట. ఒకసారి, రెండుసార్లు, ఆ తర్వాత అరిచిందట. కుడి చెవి మీద మెత్త, చుట్టూ మిషన్ల మోత, నాకు ఏమీ తెలియలేదు. నడుము ఒక్కసారిగా వెనక్కి గుంజినట్టయింది. మోకాళ్ల మీద పడ్డాను. ఆమె తన మిషన్ మీది నుంచి దూకి వచ్చి నా దాని ఎర్ర బటన్ కొట్టింది. పట్టా ఆగింది. చున్నీ సగం చినిగి రూలుకు చుట్టుకుని ఉంది. ఎరుపు హెడ్‌ఫోన్లు అద్దం దాకా జారిపోయాయి.

"అయ్యో అల్లా! గంత సౌండు వెట్టుకుంటరా బేటీ?" అంది నర్సమ్మ నా మోకాళ్లు చూస్తూ. "నాలుగు సార్లు ఒర్రిన. కింద ఎరువుల దుకాణపోనికి గూడ వినవడ్డది నా గొంతు!"

వదిన పరిగెత్తుకు వచ్చింది. "చెవులకు గా డబ్బాలు వెట్టుకుంటె నీకు లోకం వట్టదా? చున్నీ నడుముకు ఉన్నది గాబట్టి బతికినవ్. మెడకుంటె?" నన్ను తిడుతూనే నా జుట్టు సవరిస్తోంది.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. "సౌండ్ జర ఎక్కువ వెట్టిన," అన్నాను.

ఇంటికి రాగానే వదిన అందరికీ చెప్పింది. నాయిన చెవుల్లోంచి దూది తీసి మరీ విన్నాడు. ఆయనకు అంత కోపం రావడం నేను చూడలేదు.

"దూది వెట్టి కాపాడుకుంటున్న చెవులల్ల నువ్వు పాటల మోత వెడ్తవా బిడ్డా? మీ అత్తను చూస్తలేవా?" అని వసారా వైపు చెయ్యి చూపించాడు. తనను చూపిస్తున్నారని అత్తకు అర్థమైంది. ఎందుకో అర్థం కాలేదు. కండె చుట్టడం ఆపి మా అందరి ముఖాలూ ఒక్కొక్కటిగా చూసింది. అమ్మ ఏమీ లేదన్నట్టు చెయ్యి ఊపింది. అత్త మళ్లీ రాట్నం తిప్పుకుంది. ఇప్పుడు చెప్తే నాయిన హెడ్‌ఫోన్ల వల్లే పోయిందంటాడు. చెప్పకపోతే ఇంకో చెవి కూడా పోయేదాకా ఇలాగే. ఆ రాత్రి డైరీ తెరిచి తేదీ వేసి మూసేశాను.

మర్నాడు జిమ్‌లో నర్సమ్మ నా కోసమే కాచుకుని ఉంది. చేతిలో సన్నటి కమ్మీలాంటిది ఒకటి పట్టుకుంది.

"ఇగో, జిమ్ముల గిసుంటియి వెట్టుకోవాలె," అంది. "చెవిలకు పోవు, చెవిని మూయవు. చెవి ముందల ఎముక ఉంటది చూడు, గక్కడ ఆనుతయి. పాట వినవడ్తది, ఎనకకెళ్లి లారీ వచ్చినా వినవడ్తది. నాకు చిన్నప్పటి సంది చెవి కారుతది. చెవిల ఏం వెట్టొద్దని మా డాక్టర్ సాబ్ అంటే, మా తమ్ముడు ఇయ్యి తెచ్చిచ్చిండు. వెట్టి చూడు. నచ్చితె నువ్వు గూడ గిదే కొను. గా ఎర్ర డబ్బాలు ఇంట్ల వెట్టు."

వద్దనేలోపు ఆమే నా తలకు తగిలించింది. కణతల కింద చల్లగా తగిలాయి. ఆమె తన ఫోన్లో ఏదో నొక్కింది. ఉర్దూ పాట మొదలైంది.

నేను ఎడమవైపు తిరిగి చూశాను. ఎవరో వచ్చి నా పక్కన నిలబడి పాడుతున్నారనిపించింది. ఎవరూ లేరు. అద్దంలో నేనే ఉన్నాను. పాట ఆగలేదు. తబలా దెబ్బలు ఎడమ చెవిలో, నిండుగా, లోపలి నుంచి వచ్చినట్టు మోగుతున్నాయి. నా చెయ్యి దానంతట అదే ఎడమ చెవి మీదికి పోయింది.

"ఎడమ దిక్కు వినవడుతుంది," అన్నాను.

"రెండు దిక్కుల్ల వినవడ్తది. గదేం కొత్త?" అని నవ్వింది నర్సమ్మ.

"ఎడమ దిక్కే ఎక్కువ వినవడుతుంది."

ఆమె నవ్వు ఆగింది. పాట ఆపింది. "ఇంతకు ముందు వినవడకపోతుండెనా?"

నాకు ఏడుపొచ్చింది. అద్దాల గది అది. మూడు గోడల మీదా నేనే ఏడుస్తున్నాను. వదిన డంబెల్ కింద పెట్టి వచ్చింది. నర్సమ్మ నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, కుడి చెవి దగ్గర, ఎడమ చెవి దగ్గర వేళ్లు రాసి చూసింది. నేను ముప్పైసార్లు చేసిందే. తర్వాత, "మూతి మూసుకొని ఊఁ అను. ఏ చెవిల మోగుతుంది?" అని అడిగింది.

"ఎడమ."

ఆమె నా పక్కన కూర్చుంది. "చూడు బేటీ, నేను డాక్టర్‌ను గాను. నలబై మంది డాక్టర్ల దగ్గర నిలవడి చూసిన దాన్ని, గంతే. మోత వల్ల చెడేది లోపలి నరం. నరం చెడితె ఎముక మీద వెట్టినా గా చెవిల గింత మంచిగ వినవడదు. నీకు వినవడుతుందంటే నరం మంచిగనే ఉండొచ్చు. మధ్యల ఏదో అడ్డం వడ్డది. చిన్న చిన్న ఎముకలుంటయి ఆడ. గవి బిగుసుకుంటయి కొందరికి. మందో, ఆపరేషనో, డాక్టరే చెప్పాలె. మీ ఇంట్ల ఇంకెవరికన్న గిట్ల ఉన్నదా? ఇది ఇంటి వరుసల గూడ వస్తది."

"లేదు," అన్నాను. ఎందుకు అబద్ధం చెప్పానో ఇప్పటికీ తెలియదు.

"లేదేంది!" అంది వదిన. "మా పెద్దత్త ఉన్నది గద! రెండు చెవులు పోయినయి. మగ్గం సప్పుడుకు."

"మగ్గానికే పోయినయని ఎవరు చెప్పిండ్రు? డాక్టర్‌కు చూపిచ్చిండ్రా?"

"మగ్గానికి పోయినయి మల్ల రావంటరు గద."

"ఎవరంటరు?"

వదిన నా వైపు చూసింది. నేను వదిన వైపు చూశాను. ఆ మాట మొదట ఎవరన్నారో మా ఇద్దరికీ తెలియదు. ఇరవై ఏళ్లుగా ఆ ఇంట్లో అందరూ అంటూ వచ్చారు, అంతే. దూది పెట్టుకున్నాం. ఆమెను మాత్రం ఎవరికీ చూపించలేదు.

వనపర్తిలో చెవి డాక్టరు ఉన్నాడని, తొందరగా వెళ్లమని చెప్పింది నర్సమ్మ. మెట్లు దిగుతుంటే వదిన నా కుడివైపుకు మారింది. ఎరువుల దుకాణం ముందు ఆగి, "పొద్దుమీకేలోపల నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?" అంది. "నేను చెప్తె ఎట్లుంటదో తెల్సు గద. వాడకట్టంత ఇంటది."

ఇంటికి వచ్చేసరికి నాయిన మగ్గం మీద ఉన్నాడు. అమ్మ పెరట్లో నూలు ఆరేస్తోంది. నేను వెళ్లి నా చోట కూర్చున్నాను. దూది పెట్టుకోలేదు. పావుగంట పాటు అంచు నాడె అందుకుంటూ ఉన్నాను. అంచు మీద కోటకొమ్మ బొమ్మ సగం దాకా వచ్చింది. వదిన గుమ్మంలో నిలబడి రెండుసార్లు దగ్గింది. పలక మీద రెండుసార్లు తట్టాను.

నాయిన ఇటు చూశాడు. చెవి నుంచి దూది తీయమని సైగ చేశాను. ఆయన కుడి చెవిలోది, ఎడమ చెవిలోది తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నాయినా, నాకు ఎడమ చెవి వినవడుతలేదు," అన్నాను.

ఆయన చేతులు పడుగు మీద అలాగే ఉండిపోయాయి. ఆ తర్వాత నా చెవి వైపు చూశాడు. "దూది వెట్టుకోలేదా నువ్వు?"

"వెట్టుకున్న. రోజు వెట్టుకున్న. నువ్వు చెప్పినట్లనే." నేను తొందర తొందరగా చెప్పడం మొదలుపెట్టాను. పాటల సౌండు వల్ల కాదని చెప్పాను. నర్సమ్మ పెట్టిన కమ్మీ గురించి, ఎముక మీది నుంచి పాట ఎడమ చెవిలో మోగడం గురించి, నరం గురించి, బిగుసుకునే ఎముకల గురించి చెప్పాను. చెప్పింది వరుసగా లేదు. నడుమ నడుమ ఏడ్చాను. ఆయన అడ్డు రాలేదు.

"మగ్గం వల్ల గాదంటుందా ఆమె?" అన్నాడు చివరికి.

"గాకపోవచ్చంటుంది. డాక్టర్ చూసి చెప్పాలె. ఇంటి వరుసల గూడ వస్తదంట."

నాయిన ఊరట పడతాడనుకున్నాను. పడలేదు. వసారాలో అత్త వీపు కనిపిస్తోంది. రాట్నం తిరుగుతోంది. ఆయన ఆ వీపు వైపు చాలాసేపు చూశాడు. ఒళ్లోని దూది ఉండలను వేళ్లతో విప్పాడు, మళ్లీ చుట్టాడు, మళ్లీ విప్పాడు. ఇరవై ఏళ్లను లెక్క వేసుకుంటున్నాడని నాకనిపించింది. నా చెవి గురించి చెప్పడానికి వచ్చి ఆయన మీద ఇంకేదో పెట్టాననిపించి, డాక్టరు ఏమంటాడో ఇంకా తెలియదు నాయినా, అత్తకు వేరే ఏదన్నా అయి ఉండొచ్చు, నర్సమ్మ అత్తను చూడను కూడా లేదు అన్నాను.

ఆయన గుంటలోంచి కాళ్లు బయటికి తీశాడు. నా తల మీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి జారి ఎడమ చెవి మీదికి వచ్చి కాసేపు ఆగింది. తర్వాత లేచి, నాకు కుడివైపుకు వచ్చి కూర్చుని చెప్పాడు.

"పొద్దుగాల మొదటి బస్సుకు వనపర్తి పోదం. మీ అత్తను గూడ తయారు గమ్మని చెప్పు. చేతులతోటి చెప్తె సోమశిలకు కృష్ణ స్నానానికి పోతున్నమనుకొని బట్టలు మూట గడ్తది, గట్ల గాదు. కాగితం మీద రాసి చూపియ్యి బిడ్డా, మంచిగ, పెద్దక్షరాలల్ల."